సమూహంలో ఉన్నాడనుకొని...

వేసవి సెలవులు ముగిశాయి. ఏప్రిల్ నెలాఖరులో మూసిన బడులు జూన్ రెండో వారంలో మళ్లీ తెరుచుకున్నాయి. ఈ ఏడు వారాలూ మన సంఘాల్లో ఆదివారం ఆరాధనకు జనం పలచబడడం ఏటా చూస్తున్నదే. క్వయర్‌లో సగం మంది ఉండరు. సండేస్కూలు టీచరు పుట్టింటికి వెళితే ఆ తరగతిని మరో తరగతిలో కలిపేస్తారు. వి.బి.ఎస్. జరిగే పది రోజులు మాత్రం చర్చి ఆవరణ పిల్లలతో కళకళలాడుతుంది. అవి కాగానే మళ్లీ వెలితి. అప్పుడు ప్రసంగ వేదిక మీది నుంచి ఒక మాట తప్పక వినబడుతుంది: ‘కుటుంబాలు చెదిరిపోతున్నాయి. తండ్రి ఒక చోట, తల్లి ఒక చోట, పిల్లలు మరో చోట. అనుకున్నదే తడవు బయలుదేరే ప్రయాణాలు ఎక్కువయ్యాయి.’

ఈ ఆవేదనలో నిజముంది. కాని కుటుంబాన్ని చెదరగొట్టేది ప్రయాణమేనా? కాదని మేమనుకుంటున్నాం. వేర్వేరు దారుల్లో వెళ్లినంత మాత్రాన కుటుంబం విడిపోదు. ఒకే దారిలో నడిచినంత మాత్రాన కలిసి ఉన్నట్టూ కాదు. పరిశుద్ధ గ్రంథంలో ఇందుకు సాక్ష్యం మరెక్కడో కాదు, యేసు పెరిగిన ఇంట్లోనే దొరుకుతుంది.

యోసేపు, మరియ ఏటా పస్కా పండుగకు యెరూషలేము వెళ్లేవారు. ధర్మశాస్త్రం ఏడాదికి మూడు పండుగలకు పురుషులను మాత్రమే రమ్మంది. అయినా మరియ కూడా వెళ్లేది. నజరేతు నుంచి యెరూషలేముకు నూరు కిలోమీటర్లకు పైనే. కాలినడకన కొన్ని రోజుల ప్రయాణం. యేసుకు పన్నెండేళ్లు వచ్చిన ఏడాది పండుగ ముగించుకొని తిరిగి వస్తున్నారు. ఒక రోజంతా నడిచారు. సాయంకాలం బంధువుల్లో, తెలిసినవారిలో వెదికితే బాలుడు లేడు. తిరిగి యెరూషలేముకు పరుగు. మూడు రోజుల తరువాత దేవాలయంలో బోధకుల మధ్య కనబడ్డాడు (లూకా 2వ అధ్యాయం).

స్త్రీలు ఒక గుంపుగా, పురుషులు ఒక గుంపుగా నడిచేవారనీ, అందుకే తల్లి తండ్రి దగ్గర ఉన్నాడనీ, తండ్రి తల్లి దగ్గర ఉన్నాడనీ తలచారనీ బోధకులు వివరిస్తుంటారు. ఆ వివరం లేఖనంలో లేదు. లేఖనం చెప్పేది ఒక్కటే: సమూహంలో ఉన్నాడని అనుకొన్నారు. వారు భక్తిహీనులు కారు. విహారయాత్రకు వెళ్లినవారూ కారు. పండుగ చేసుకొని, ఊరివారితో, బంధువులతో కలిసి వస్తున్నారు. అంత మంచి ప్రయాణంలోనే, అంత దగ్గరలోనే, ఒక పగలంతా బిడ్డ సంగతి తెలియలేదు. దూరం వల్ల కాదు, ‘ఉన్నాడులే’ అనుకోవడం వల్ల.

మా ఇంటి సంగతి చెబుతాం. మేమిద్దరం, మాకు ఇద్దరు పిల్లలు. ఉండేది గుంటూరులో. ఈ వేసవిలో నలుగురం ఒక్కచోట కూర్చుని అన్నం తిన్న రోజులు లెక్కపెడితే పదకొండు. ఇంటర్ పూర్తి చేసిన అబ్బాయి యువజన శిబిరానికి వెళ్లి, అటు నుంచి అటే ఖమ్మంలో మేనమామ ఇంటికి వెళ్లాడు. అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం. రెండుసార్లు మాత్రమే రాగలిగింది. మాలో ఒకరు చెల్లెలి కూతురు పురిటికి రాజమండ్రి వెళ్లి ఇరవై రోజులు ఉండిపోతే, మరొకరు ఆఫీసు పని మీద హైదరాబాదుకూ, సువార్త కూడికలకు ఒంగోలుకూ తిరిగారు. పక్కింటివారు ‘ఏమండీ, మీ ఇంటికి ఎప్పుడూ తాళమేనా?’ అని నవ్వారు.

రాత్రి తొమ్మిదింటికి మాత్రం ఎవరు ఎక్కడున్నా ఫోన్లో కలిశాం. పది నిమిషాలే. ఒకరు కీర్తన చదవాలి, ఒకరు ప్రార్థించాలి, మిగిలిన ఇద్దరూ ఆ రోజు ఏం జరిగిందో ఒక్క మాటైనా చెప్పాలి. రైల్లో సిగ్నల్ లేక మాట మధ్యలో తెగిపోయిన రోజులున్నాయి. బాలింత ఇంట్లో పసివాడి ఏడుపే ఆ రాత్రి కీర్తన అయిన రోజూ ఉంది. ఒకరోజు ఖమ్మం నుంచి అబ్బాయి, ప్రార్థన అయిపోయాక కాసేపు ఆగి, ‘నాన్నా, నాకు ఇంజనీరింగ్ చదవాలని లేదు. బి.ఎస్సీ చేసి టీచరునవుతాను’ అన్నాడు. ఏడాదంతా ఎదురెదురుగా భోంచేస్తూ అనని మాట అది. ఆ ధైర్యం దూరం ఇచ్చిందో, ప్రార్థన ఇచ్చిందో మేము చెప్పలేం. విన్నాం. ఆ రాత్రి పది నిమిషాల ప్రార్థన గంటన్నర సాగింది. వాడు తిరిగొచ్చాక నలుగురం కూర్చుని ఆలోచించి, వాడు కోరిన కోర్సులోనే చేర్పించాలని నిర్ణయించుకున్నాం.

ఇది మా ఇంట్లో పుట్టిన కొత్త పద్ధతేమీ కాదు. యోబు గ్రంథం మొదటి అధ్యాయం చదవండి. యోబుకు ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. కుమారులు ఒక్కొక్కరు తమ తమ ఇళ్లలో వంతుల వారీగా విందు చేసి అక్కచెల్లెళ్లను పిలుచుకునేవారు. ఆ తండ్రి వారి రాకపోకలను ఆపలేదు. విందు దినాలు పూర్తయ్యాక తెల్లవారుజామునే లేచి, ఒక్కొక్కరి నిమిత్తం ఒక్కో దహనబలి అర్పించేవాడు. పదిమందికీ కలిపి ఒకటి కాదు, పదిమందికీ పది. ‘మా పిల్లలందరినీ కాపాడు ప్రభువా’ అని ఒక్క మాటలో ముగించడం తేలిక. పేరు పేరునా ప్రార్థించాలంటే ఎవరు ఎక్కడున్నారో, దేనికి భయపడుతున్నారో తెలిసి ఉండాలి. తెలియాలంటే అడగాలి.

వేర్వేరుగా ఉండడం క్రైస్తవ కుటుంబాలకు కొత్త కూడా కాదు. నేడు మనం విహారానికి వెళ్లే కొడైకెనాల్‌లో 1845లో మొదట బంగళాలు కట్టుకున్నది అమెరికా మిషనరీలు. మైదానాల ఎండ, జ్వరాల నుంచి కుటుంబాలను కాపాడుకోవడానికి కొండెక్కారు. 1901లో మిషనరీల పిల్లల కోసం అక్కడ బడి వెలిసింది. తల్లిదండ్రులు మైదానంలో సేవ చేస్తుంటే పిల్లలు ఏడాదిలో ఎక్కువ కాలం కొండ మీద ఉండేవారు. ఇద్దరి మధ్యా నడిచింది ఉత్తరమే. నేడు మన చేతిలో ఉన్న ఫోనుతో పోలిస్తే అది ఎంత ఆలస్యం! అయినా వారు రాశారు. మనం మాట్లాడుతున్నామా?

మన సంఘాల్లోనే మరో రకం కుటుంబాలున్నాయి. కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల పల్లెల నుంచి మిరప కోతలకు మా గుంటూరు వైపు వచ్చే కూలీలు ఎందరో. చిన్నపిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలి వస్తారు. కోతలు ముగించుకొని ఉగాది నాటికి, వేసవి నాటికి ఇల్లు చేరతారు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన కోనసీమ, కడప ప్రాంతాల తల్లులున్నారు. వారి బిడ్డలు అమ్మను చూడాలంటే ఆమెకు సెలవు దొరకాలి. వీరికి ప్రయాణం సరదా కాదు, బతుకు. మిరప కూలీలకైతే వేసవి విడిపోయే కాలం కాదు, కలుసుకునే కాలం. విడివిడిగా ఉండే కుటుంబాలన్నిటినీ ఒకే గాటన కట్టి గద్దించే ప్రసంగం వీరి చెవిన పడితే ఎంత గాయపడతారో ఆలోచించాలి.

ఇక అనుకోని ప్రయాణాల సంగతి. ముందుగా ప్రార్థించి నిర్ణయించుకోని ప్రయాణం విశ్వాసికి తగదని కొందరు పెద్దలంటారు. ఫలానా పట్టణానికి వెళ్లి ఏడాది ఉండి వ్యాపారం చేసి లాభం తెచ్చుకుంటామనే వారిని యాకోబు తన పత్రికలో మందలించాడు కదా అంటారు. నిజమే. కాని యాకోబు మందలించింది అప్పటికప్పుడు బయలుదేరినవారిని కాదు. ఏడాది పొడవునా లెక్కలు వేసుకొని, రేపు తమ చేతిలోనే ఉందనుకొన్నవారిని! పక్కాగా టికెట్లు కొనుక్కొన్నవారిలోనూ ఆ అతిశయం ఉండవచ్చు. ఉన్నట్టుండి బయలుదేరినవారిలోనూ దేవుని చిత్తానికి లోబడే మనసు ఉండవచ్చు.

దేవదూత వర్తమానం విన్న మరియ ఏం చేసింది? ఆలస్యం చేయకుండా లేచి యూదయ కొండసీమకు, ఎలీసబెతు ఇంటికి వెళ్లింది. కబురు పంపి, జవాబు వచ్చాక బయలుదేరినట్టు లూకా రాయలేదు. వెళ్లి దాదాపు మూడు నెలలు ఉంది. వృద్ధాప్యంలో గర్భవతి అయిన బంధువుకు ఆ రాక ఎంత ఆదరణ! ఆ గుమ్మంలో పలికిన వందనానికి గర్భంలోని శిశువు కూడా గంతులు వేశాడు. అలాగే ప్రభువు, తినడానికైనా తీరిక లేని శిష్యులను విశ్రాంతి కోసం దోనెలో ఏకాంత స్థలానికి తీసుకెళ్లాడు. జనం ముందే అక్కడికి చేరారు. విశ్రాంతి దొరకలేదు. కాని ఆ సాయంకాలం అయిదు వేలమంది పురుషులు కడుపునిండా తిన్నారు. అనుకున్నది తప్పిన ప్రయాణంలో దేవుడు అనుకున్నది జరిగింది.

మేమూ ఈ వేసవిలో అనుకోకుండా రెండు ప్రయాణాలు చేశాం. ఒక శుక్రవారం రాత్రి అమ్మాయి వచ్చింది. శనివారం తెల్లవారకముందే నలుగురం బాపట్ల బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో సూర్యలంక వెళ్లాం. కాసేపు అలల్లో తడిసి, ఎండ ముదరకముందే తిరుగు బస్సెక్కాం. ఖర్చు తక్కువ, సంతోషం ఎక్కువ. మర్నాడు ఆరాధన ముగియగానే ఇంటికి రాకుండా రేపల్లె దగ్గర పల్లెలో ఉన్న నానమ్మ ఇంటికి వెళ్లాం. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి గుమ్మంలో మమ్మల్ని చూసి ముందు కోప్పడింది. ‘ఒక్క మాట చెబితే కోడిని కోయించేదాన్ని కదరా!’ అని. మూడు గంటల ఎండలో పొయ్యి వెలిగించి పప్పుచారు కాచి, వడియాలు వేయించింది. మేము లేచేటప్పుడు మనవరాలి చేయి పట్టుకొని, ‘రోజూ ఫోన్లో మీ గొంతు వింటూనే ఉన్నా. చెయ్యి మాత్రం ఫోన్లో రాదు కదమ్మా’ అంది.

ఆ మాట మాకే కాదు, ప్రతి ఇంటికీ వర్తిస్తుంది. ఫోను ప్రార్థన మంచిదే. అది సరిపోతుందని అనుకోవడం మొదలైతే మళ్లీ ‘సమూహంలో ఉన్నారులే’ అన్నచోటికే వస్తాం. ఉన్నట్టుండి కారు తీసి అరకుకో, హార్స్‌లీ హిల్స్‌కో వెళ్లగల శక్తి మనకుంటే, అదే ఉత్సాహంతో పల్లెలో ఎదురుచూస్తున్న తల్లి దగ్గరికి, మంచంపట్టిన మేనత్త దగ్గరికి ఎందుకు వెళ్లకూడదు? రెండు అనుకోని ప్రయాణాల్లో ఒకటి సముద్రానికి, ఒకటి కన్నవారికి. ఇది న్యాయమైన పంపకమని మా అభిప్రాయం.

సంఘాలకు కూడా ఒక మనవి. సమాజంగా కూడుకోవడం మానవద్దని హెబ్రీ పత్రిక చెప్పింది. వెళ్లిన ఊళ్లోనూ ఆదివారం ఉంది, ఆరాధన ఉంది. ఆ సంగతి గుర్తు చేయడం కాపరి బాధ్యతే. కాని గద్దింపుకన్నా ముందు చేయదగినది ఒకటుంది. పౌలు తూరులో ఏడు రోజులుండి బయలుదేరినప్పుడు, అక్కడి విశ్వాసులు భార్యాపిల్లలతో సహా పట్టణం వెలుపలి వరకు సాగనంపారు. సముద్రతీరాన మోకరించి ప్రార్థించారు. తరువాత అతడు ఓడ ఎక్కాడు, వారు ఇళ్లకు వెళ్లారు. అదీ సాగనంపడమంటే! సెలవులకు ముందు ఆదివారం ప్రయాణమయ్యే కుటుంబాలను పేరు పేరునా నిలబెట్టి అయ్యగారు ప్రార్థించవచ్చు. ఎక్కడికీ వెళ్లలేక ఇంట్లో ఒంటరిగా మిగిలే వృద్ధుల పేర్లు రాసుకొని, యువకులు వారానికొకసారి వెళ్లి పలకరించవచ్చు. బడులు తెరిచాక ఒక ఆదివారం, తిరిగి వచ్చినవారికి రెండు నిమిషాలు సాక్ష్యం చెప్పే అవకాశం ఇవ్వవచ్చు. ‘ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?’ అనే ప్రశ్న నేరారోపణలా కాకుండా ప్రేమగా వినిపించేది అప్పుడే.

యెరూషలేములో దొరికిన బాలుడు తల్లిదండ్రుల వెంట నజరేతుకు వెళ్లి వారికి లోబడి ఉన్నాడు. తల్లి ఆ సంగతులన్నిటినీ హృదయంలో దాచుకుంది. ఆ ఎడబాటు ఆ కుటుంబాన్ని విరగ్గొట్టలేదు. ఎందుకంటే లేడని తెలిసిన క్షణాన వెనుదిరిగారు, దొరికేదాకా వెదికారు.

ప్రియులారా, దసరా సెలవులొస్తాయి, క్రిస్మస్ వస్తుంది, మళ్లీ వేసవి వస్తుంది. ప్రయాణాలు చేయండి. కలిసీ వెళ్లండి, విడివిడిగానూ వెళ్లండి. కాని ఈ రాత్రి దీపం ఆర్పేముందు, మన ఇంటివారిలో ఎవరు ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో అడిగి తెలుసుకున్నామా? ‘ఉన్నారులే’ అని అనుకొని మరో రోజు నడవకండి.