కడుపునొప్పి వెనుక

తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి మారని వార్త ఒకటుంది. 'కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య.' నాలుగు లైన్లు, ఊరి పేరు, మండలం పేరు, 'పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు'. ఇంట్లోవాళ్లు ఫిర్యాదులో ఆ మాటే రాయిస్తారు, ఎస్సై దాన్నే ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కిస్తాడు, విలేకరి స్టేషన్‌లో దాన్నే రాసుకుంటాడు. కొందరికి నిజంగానే భరించలేని నొప్పి ఉండి ఉంటుంది. మిగతావారి విషయంలో ఆ ఒక్క మాట చాలా పనులు చేసిపెడుతుంది. అత్తింటి మీద అనుమానం రాదు, చెల్లెలి పెళ్లికి అడ్డం రాదు, ఊళ్లో ఎవరూ ఇంకేమీ అడగరు. ఆ మనిషి ఆర్నెల్లుగా సరిగా అన్నం తినడం లేదనీ, అర్ధరాత్రి లేచి వాకిట్లో కూర్చుంటోందనీ, ఇరుగుపొరుగుతో మాట్లాడటం మానేసిందనీ ఏ కాగితంలోనూ ఉండదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. లక్ష జనాభాకు దేశ సగటు 12.4 ఉంటే తెలంగాణలో 26.3. అంటే రెట్టింపు దాటింది. ఆంధ్రప్రదేశ్‌దీ సగటుకు పైమాటే. దేశం మొత్తమ్మీద ఇలా పోయినవారిలో నాలుగో వంతుకు పైగా రోజుకూలీలు. 13,044 మంది విద్యార్థులు. డెంగీతో ఇందులో పదో వంతు మంది పోయినా కలెక్టర్లు వీధుల్లో తిరిగేవారు, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి తొట్లూ కుండీలూ పారబోయించేవారు. అన్ని చావులకూ డిప్రెషనే మూలమని అనడం లేదు. అప్పు, మద్యం, ఇంటి గొడవలు, తగ్గని జబ్బు, పంట నష్టం ఒకదానికొకటి పెనవేసుకునే వస్తాయి. వీటికి తోడయ్యే డిప్రెషన్ మాత్రం మందులతో, మాటలతో తగ్గించగలిగినది. దాన్నే చూడకుండా వదిలేస్తున్నాం.

బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. ప్రతి 20 మందిలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ పాలైనట్టు తేలింది. డిప్రెషన్ ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి వైద్యమే అందడం లేదు. ఆ 12 రాష్ట్రాల్లో మన రెండూ లేవు. అక్కడ కూడా మనం లెక్కలోకి రాలేదు.

దిగులు అందరికీ వస్తుంది, నాలుగు రోజులుండి పోతుంది. రెండు వారాలు దాటినా దాదాపు రోజంతా అదే దిగులు, ఇదివరకు ఇష్టపడి చేసిన పని మీద కూడా మనసు పోకపోవడం, నిద్ర పట్టకపోవడం లేదా పొద్దస్తమానం పడుకునే ఉండటం, తిండి సయించకపోవడం, 'నావల్లే అందరికీ కష్టం' అనే తలపు పట్టి పీడించడం ఉంటే అది జబ్బు. మగవాళ్లలో ఇది చాలాసార్లు చిరాకుగా, తాగుడుగా బయటపడుతుంది. పెద్దవాళ్లలో మతిమరుపులా కనిపిస్తుంది. బాలింతకు వస్తే 'పిల్ల ఏడుస్తున్నా పట్టదు, ఎంత మొండి' అని తిట్లు పడతాయి.

మనసులో ఉన్నది ఎవరూ బయటికి చెప్పడం లేదని సభల్లో తరచూ వినిపిస్తుంది. మా అభిప్రాయం వేరు. చెబుతూనే ఉన్నారు, ఒంటి భాషలో చెబుతున్నారు. ఏ జిల్లా ఆస్పత్రి ఓపీలోనైనా ఒక పూట నిలబడితే చాలు. నలభై ఏళ్ల మనిషి చేతిలో కిరాణా కొట్టు ప్లాస్టిక్ కవర్, అందులో రెండేళ్ల కాగితాలు: థైరాయిడ్ పరీక్ష, ఈసీజీ, తల స్కానింగ్, కడుపు స్కానింగ్, అన్నీ నార్మలే. తలనొప్పి, గుండెదడ, ఒళ్లంతా మంటలు, కాళ్లు పీకుళ్లు, నీరసం. నిద్ర ఎలా ఉందని, మనసు ఎలా ఉందని ఆ రెండేళ్లలో అడిగినవారు లేరు. వరుసలో వెనక ఎనభై మంది ఉంటే డాక్టరుకు దక్కేది రెండు నిమిషాలు. అంతకు ముందు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఒక సెలైన్ సీసా, ఒక బీ-కాంప్లెక్స్ ఇంజెక్షన్ ఎక్కాయి. ఆ పూటకు ఓపిక వచ్చినట్టే ఉంటుంది. వారం తిరక్కుండా మళ్లీ అదే మంచం. ఈలోగా పుస్తెలతాడు తాకట్టుకు వెళ్తుంది. అటు తర్వాత తాయెత్తు, దర్గా, గుడిలో నిద్రలు. నమ్మకాన్ని తప్పుపట్టనక్కర్లేదు. గుడిలో నిద్ర చేసి వచ్చి మాత్ర వేసుకోవచ్చు. మాత్రకు బదులుగా నిద్ర చేయిస్తేనే ప్రమాదం.

ఇక ధైర్యం చేసి మాటల్లోనే చెప్పినవారికి ఎదురయ్యే జవాబు చూడండి. 'నీకేం తక్కువైంది?' 'పనీ పాటా లేకపోతే ఇలాంటివే వస్తాయి.' 'మా రోజుల్లో ఇవన్నీ ఎరగం.' కాస్త ప్రేమగా అనేవాళ్లు 'నువ్వే ధైర్యం తెచ్చుకోవాలి నాన్నా' అంటారు. అది కూడా తలుపు మూయడమే. మధుమేహం ఉన్నవాణ్ని ధైర్యంతో షుగర్ తగ్గించుకోమని ఎవరూ అనరు. ఒకసారి ఇలాంటి జవాబు విన్న మనిషి రెండోసారి నోరు తెరవడం కష్టం.

ఈ మౌనం వెనక లెక్కలూ ఉన్నాయి, వాటిని తేలిగ్గా కొట్టిపారేయలేం. పిల్లకు సంబంధాలు చూస్తున్న ఇంట్లో మానసిక వైద్యుడి చీటీ దొరికితే పెళ్లి చెడుతుందన్న భయం ఉత్తది కాదు. నిజంగానే చెడిన ఇళ్లున్నాయి. అందుకే వరంగల్ వాళ్లు హైదరాబాద్‌లో, హైదరాబాద్ వాళ్లు బెంగళూరులో చూపించుకుంటారు. దూరం కావడంతో నెలనెలా వెళ్లలేక మధ్యలో మానేస్తారు. ఈ మందులు పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నిమ్మళించాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. మనవాళ్లు పదో రోజున 'ఏమీ తేడా లేదు' అని ఒకసారి, రెండో నెలలో 'బాగానే ఉందిగా' అని ఇంకోసారి ఆపేస్తారు. ఇంకోపక్క ఎర్రగడ్డ మానసిక వైద్యశాల పేరు తీయడమంటే తెలంగాణలో ఇప్పటికీ తిట్టే; విశాఖలో చినవాల్తేరు ఆస్పత్రిదీ అదే గతి. లక్షల మందికి నయం చేసిన ఆస్పత్రుల పేర్లు మన సినిమా హాస్యానికి దశాబ్దాలుగా మేత.

చదువుల దగ్గర ఈ ప్రమాదం మరీ పదునెక్కింది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల ప్రక్రియలో తప్పులు దొర్లాయని ప్రభుత్వం వేసిన కమిటీయే చెప్పింది. అప్పట్లో రచ్చంతా సాఫ్ట్‌వేర్ మీద జరిగింది, జరగాల్సిందే. పరీక్ష తప్పినవారు అంతకు ఎన్నో రెట్లు ఉన్నారు, వారిలో ఎక్కువమంది తట్టుకున్నారు. తట్టుకోలేనివారు ఫలితాలకు ఎన్ని నెలల ముందు నుంచి కుంగిపోతున్నారో అడిగినవారు లేరు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదకొండింటి దాకా స్టడీ అవర్స్, వారం వారం టెస్టు, గోడ మీద ర్యాంకులు, మార్కులు తగ్గితే కింది సెక్షన్. ఇంటికి ఫోను మాట్లాడాలంటే వరుసలో నిలబడి, పక్కన వార్డెన్ వింటుండగా. 'బాగానే ఉన్నాను' తప్ప ఇంకేం చెబుతారు? ఔటింగ్ రోజున అమ్మ క్యారియర్ విప్పి పెడుతుంటే పిల్ల రెండు ముద్దలతో లేచిపోతుంది. 'హాస్టల్ తిండికి అలవాటు పడింది' అని సర్దుకుంటారు.

2023 జులైలో విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన 17 ఏళ్ల పశ్చిమ బెంగాల్ అమ్మాయి హాస్టల్లో మరణించింది. తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించి, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద, ఆపైన విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు. నలుగురిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. కోచింగ్ సెంటర్ల నమోదుకు రాష్ట్రాలు నిబంధనలు తేవాలి, జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ ఉండాలి. చట్టం వచ్చేదాకా ఇవే చట్టం. మన ఊళ్లో పుట్టిన కేసు దేశానికి నియమాలు తెచ్చింది. వాటిని ముందుగా అమలు చేయాల్సిన బాధ్యతా మనదే. ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టడంలో చూపే చురుకు ఇక్కడ కనబడాలి. పీఈటీ సారుకో, అకౌంటెంటుకో కౌన్సెలర్ అని బోర్డు తగిలిస్తే సరిపోతుందనుకునే యాజమాన్యాలు ఉండవని అనుకోలేం.

ప్రభుత్వాల వంతు కూడా మిగిలే ఉంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉంది. లక్ష మందికి ముగ్గురు సైకియాట్రిస్టులు కావాల్సిన దేశంలో ఒక్కరు కూడా లేరు, 0.75 మంది. ఈ కొరత రాత్రికి రాత్రి తీరేది కాదు. ఎంబీబీఎస్ డాక్టరూ ఏఎన్ఎమ్మూ తొమ్మిది ప్రశ్నల పట్టికతో డిప్రెషన్‌ను పసిగట్టగలరు. చవకైన మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలనెలా తప్పక దొరికితే సగం దారి నడిచినట్టే. దానికి భవనాలు అక్కర్లేదు, ఇండెంట్ సకాలంలో పెడితే చాలు. ఏటా అక్టోబర్ 10న మానసిక ఆరోగ్య దినోత్సవమంటూ బ్యానర్లు పట్టించి ర్యాలీ తీయించడం మాత్రం ఎక్కడా ఆగడం లేదు. ఎండలో నడిచే ఆ నర్సింగ్ విద్యార్థినులకు తమ హాస్టల్ కౌన్సెలర్ ఎవరో తెలిస్తే అదే పదివేలు.

ఇంట్లో ఎవరి మీదైనా అనుమానం ఉంటే చుట్టూ తిప్పి మాట్లాడనక్కర్లేదు. 'చనిపోవాలని అనిపిస్తోందా?' అని సూటిగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్నది అపోహ; అడిగినందుకు బరువు దిగినట్టు ఏడ్చేవారే ఎక్కువ. అవునంటే ఒంటరిగా వదలకూడదు, ప్రాణానికి ముప్పు తెచ్చే వస్తువులు అందుబాటులో ఉంచకూడదు, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రయత్నించి బతికినవారిని పోలీసు కేసు భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లకుండా దాచే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలంటుంది, వైద్యం అందించడం ప్రభుత్వ విధి అంటుంది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309వ సెక్షన్ లేదు. ఆరోగ్య బీమా కూడా శరీరానికి ఎలా వర్తిస్తుందో మనసుకూ అలాగే వర్తించాలని అదే 2017 చట్టం చెబుతోంది. పాలసీ కాగితంలో ఆ లైను ఉందో లేదో చూసుకోవాలి.

కాలేజీల్లో ప్రవేశాల సమయంలో పీఆర్వోలు ఇంటికొచ్చి ఫీజు రాయితీ, ఏసీ క్యాంపస్, గత ఏడాది ర్యాంకులు చెబుతారు. తల్లిదండ్రులు అక్కడే నాలుగు ప్రశ్నలు వేయాలి. కౌన్సెలర్ పేరేమిటి, చదువేమిటి, వారంలో ఎన్ని రోజులుంటారు, మా అమ్మాయి వార్డెన్ అనుమతి లేకుండా వారిని కలవగలదా? జవాబు కాగితం మీద రాసివ్వమనాలి. రాసివ్వడానికి తటపటాయించిన చోట అడ్వాన్సు కట్టొద్దు.