వంగవలసింది తెర, అక్షరం కాదు



మొన్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. నేను ఫోనులో ఏవో అమరికలతో కుస్తీ పడుతుంటే చూసి, "మన లిపే గజిబిజండీ మాస్టారూ! ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకుంటే ఈ బాధే ఉండదు గదా" అన్నాడు. ముప్పైయేళ్ళు పిల్లల చేత ఒత్తులు దిద్దించినవాణ్ణి. కాఫీ ఇచ్చి పంపాను గాని, చెప్పవలసిన సమాధానం లోపలే ఉండిపోయింది. దానిని మీ ముందుంచుతున్నాను.

యంత్రానికి అమరికలు చేసుకోవడమే తప్పని నేననను. జీపీఆర్ఎస్ రోజులలో, చిన్న పుల్లతో తెరమీద పొడుస్తూ వాడే చేతి కంప్యూటరు ఒకటి కొన్నాను. దానికి అంతర్జాలం అందాలంటే 'యాక్సెస్ పాయింటు' పేరును మనమే టైపు చేయాలి. ఒక్క చుక్క తప్పినా సంధానం కుదరదు. రెండు రోజులు తంటాలు పడి కుదుర్చుకున్నాను. ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఇంగ్లీషు చదివేవానికీ ఆ శ్రమ తప్పదు.

సంధానం కుదిరిన తరువాతనే అసలు భేదం బయటపడింది. వానికి వార్తలు కనబడ్డాయి, నాకు డబ్బాలు కనబడ్డాయి. ఎలాగో తెలుగు ఖతి ఎక్కిస్తే డబ్బాలు పోయాయి గాని, ఒత్తులు హల్లుల కిందికి చేరక, పొల్లులు తగిలించుకొని వరుసగా నిలబడ్డాయి. అది చదువు కాదు, అక్షరాల తప్పిపోయిన జాతర!

చివరకు దారి చూపినది ఒపెరా మినీ. చిరునామా గడిలో 'కాన్ఫిగ్' అని కొట్టి, సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఖతులు వాడమనే అమరికకు 'అవును' అంటే, వారి సర్వరు తెలుగును బొమ్మలుగా గీసి పంపేది. మనలో ఎందరమో అలాగే చదివాము. ఆ మేలు మరువరానిది. కాని బొమ్మలతో పుట బరువెక్కేది, కిలోబైట్ల లెక్కన చెల్లించేవానికి ఖర్చు పెరిగేది. మాతృభాష చదివినందుకు సుంకమన్నమాట! పైగా ఆ పేరు చూడండి, 'సంక్లిష్ట లిపులు'!

ఏమిటండీ ఆ సంక్లిష్టత? 1991లో వెలువడిన తొలి యూనికోడు నుండీ తెలుగుకు చోటున్నది. 'స్త్రీ' అన్నది అందులో ఆరు సంకేతాల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వీటిని కూర్చి ఒక్క అక్షరంగా చూపడమే యంత్రం పని. రెండవ తరగతి పిల్ల పలకమీద చేసే పని! 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ, గౌతమి ఖతితో బల్లమీది కంప్యూటరులో ఆ పని చేసి చూపింది. కనుక అది అసాధ్యమేమీ కాదు. చేతి యంత్రాలు చేసేవారికి మన కోసం తొందర లేకపోయింది, అంతే.

2018 ఫిబ్రవరి నాటి ముచ్చట మీకు గుర్తుండే ఉంటుంది. 'జ్ఞా' అన్న అక్షరం ఒక ప్రత్యేకమైన సంకేత క్రమంలో వస్తే ఐఫోనులో సందేశాల అనువర్తనాలు కుప్పకూలాయి. "ఫోనును చంపే తెలుగు అక్షరం" అన్న తీరున ప్రచారం సాగింది. జ్ఞానానికి మొదటి అక్షరమే హంతకి అయిపోయింది! తరువాత జరిగినదేమిటి? ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 వచ్చింది, వ్యాధి కుదిరింది. దిద్దినది యంత్రాన్ని, 'జ్ఞా'ను కాదు. దోషమెవరిదో తేలడానికి ఇంతకంటె సాక్ష్యం కావాలా?

ఈనాడు ఫోన్లు తెలుగు చక్కగానే చూపుతున్నాయి. అయినా కథ ముగియలేదు. నావంటి చత్వారపు వాడు అక్షరాల పరిమాణాన్ని పెంచి చూస్తే, కొన్ని అనువర్తనాలలో మీటల మీది మాటలకు అడుగు తెగిపోతున్నది. పంక్తి ఎత్తును ఇంగ్లీషు కొలతకు కోసిపెట్టారు. పైన గుడికీ, కింద ఒత్తుకూ చోటేదీ? 'రద్దు' కాస్తా 'రదు' అవుతున్నది. డబ్బు పంపే చోట ఏ మీట నొక్కాలో తెలియక ముసలివాళ్ళు మనుమల కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ళకు చదువు రాక కాదు, చదువుకోదగినట్లు తెర లేక.

దీనికి విరుగుడు రోమను లిపి అనడం, చెప్పు కరచిందని కాలు కోసుకొమ్మనడమే. తమ్ములారా, తల్లులారా, చేతనైన పని ఒకటి చెబుతాను. ఈ రాత్రి మీ ఫోను భాషను తెలుగుకు మార్చండి. అక్షరాలను పెద్దవి చేయండి. ఎక్కడ ఒత్తు తెగిందో ఆ తెరను బొమ్మ తీసి, చేసినవారికి పంపండి. ఒకరు పంపితే పక్కన పెడతారు, వందమంది పంపితే పట్టించుకుంటారు. మనం ఇంగ్లీషు అమరికలలోనే హాయిగా ఉంటే, తెలుగు అక్కరలేదనే వారు లెక్కవేస్తారు. ఆ లెక్కలో తప్పు వారిది కాదు, మనది.

నా శిష్యునికి కూడా ఈ మాటే పంపుతున్నాను. ఒత్తులతో సహా.