శాలువా సరే, జీతం సంగతేంది?

అక్టోబర్ 2 వచ్చిందంటే మన పారిశుధ్య కార్మికులు అందరికీ గుర్తుకొస్తారు. తెల్లారుజామున లేచి ఊరంతా ఊడ్చొచ్చిన మనిషిని స్టేజీ ఎక్కిస్తారు. ఒక శాలువా, ఒక దండ, ఒక ఫొటో. 'మీరు మాకు దేవుళ్లు' అంటాడు పెద్దమనిషి. చప్పట్లు మోగుతాయి. మీటింగు అయిపోయాక ఆ కుర్చీలు ఎత్తేదెవరు? తాగి పారేసిన టీ గ్లాసులు ఏరేదెవరు? పొద్దున దేవుళ్లయినోళ్లే!

సన్మానం వద్దని మేం అనడం లేదు. చేసిన పనికి నలుగురిలో ఒక మంచిమాట వినాలని ఎవరికుండదు? 'ఒసేయ్' అనే పిలుపు తప్ప ఎరగని మన అక్కకి మైకులో తన పేరు వినబడితే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. ఆ కన్నీళ్లను మేం తక్కువ చెయ్యం. మా తగాదా ఆ అక్కతో కాదు, శాలువా కప్పి బాకీ తీరిందనుకునే పెద్దలతో.

2019 ఫిబ్రవరిలో ప్రయాగరాజ్ కుంభమేళాలో ప్రధాని మోడీ ఐదుగురు సఫాయి కార్మికుల కాళ్లు కడిగారు. దేశమంతా టీవీల్లో చూసింది. 2020 కరోనా కాలంలో మార్చి 22న పళ్లేలు మోగించారు. మే 3న ఆసుపత్రుల మీద హెలికాప్టర్లతో పూలు చల్లారు. రాలిన ఆ పూలు ఊడ్చే చీపురు మళ్లీ ఎవరి చేతిలో ఉంటుందో చెప్పాలా?

పాకీ పని చేయించడం నేరమని 1993లోనే చట్టం వచ్చింది. 2013లో ఇంకో చట్టం వచ్చింది. 1993 నుంచి మురుగు గుంటల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షల చొప్పున ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబర్‌లో ఆ పరిహారాన్ని 30 లక్షలకు పెంచమంది. సన్మానం ఫ్లెక్సీల మీద ఈ మాటలు ఒక్కటైనా చూశామా? చట్టం చెప్తే హక్కు అడుగుతాం. దేవుళ్లని చెప్తే ఏం అడుగుతాం? దేవుడికి జీతం ఉండదు, పీఎఫ్ ఉండదు, సెలవు ఉండదు.

ఈ ఎత్తు కొత్తది కాదు. పాకీ పనిని గాంధీ గొప్ప సేవగా పొగిడారు. మురికిని ఒక కులం నెత్తిన పెట్టి, అదే గొప్పదని చెప్పడం క్రూరమైన పరిహాసమని బాబాసాహెబ్ అంబేద్కర్ 1945 నాటి పుస్తకంలో కడిగేశారు. నిజంగా అంత పవిత్రమైన పనైతే తక్కిన కులాలవాళ్లు ఎందుకు పోటీపడరు? రెల్లి, మాదిగ, మాల బిడ్డలకే ఈ పుణ్యం ఎందుకు రాసిపెట్టారు?

2023 డిసెంబర్ 26 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మున్సిపల్ కార్మికులు సమ్మె చేశారు. సమాన పనికి సమాన వేతనం ఇవ్వమన్నారు, పర్మినెంటు చెయ్యమన్నారు. శాలువాలు కప్పిన చేతుల్లో ఎన్ని ఆ టెంటు కాడికొచ్చాయి? ఊడ్చినప్పుడు దేవుళ్లు, నోరు తెరిస్తే 'వీళ్లకి పొగరెక్కింది'!

గుర్తింపు అంటే మాకు తెలిసింది ఇదీ: చేతిలో గుర్తింపు కార్డు. ఒకటో తారీకు జీతం, దానికో చీటీ. పీఎఫ్, ఈఎస్ఐ. గ్లౌజులు, బూట్లు. గుంటలోకి మనిషి కాదు, మిషను దిగాలి. ఆఫీసులో కూర్చోను కుర్చీ, అందరితోపాటు ఒకే గ్లాసులో నీళ్లు. పేరు చివర 'గారు'. పని చేసిన తల్లి బిడ్డ చీపురు పట్టకుండా బడికి, కాలేజీకి పోవాలి.

కార్యకర్తలారా, ఈసారి మీ ఊళ్లో సన్మానసభ పెడితే మనోళ్లను పోవద్దనకండి. తోడుగా మీరూ పోండి. శాలువా కప్పాక మైకు అడగండి. ఎన్ని నెలల జీతం బాకీ ఉందో ఆ అక్క నోటితోనే, ఊరందరి ముందర చెప్పించండి. ఆ మాటకి ఎవరు చప్పట్లు కొడతారో, ఎవరు లేచిపోతారో చూద్దాం. మనల్ని గౌరవించేవాళ్లెవరో ఆరోజు తేలిపోద్ది.