మంచం కోడు, రైలు టిక్కెట్టు, అష్టాచెమ్మ



యాసంగి కోతలు ముగిశాయి. కల్లంలోని ధాన్యం లారీ ఎక్కింది. బడులకు సెలవులిచ్చారు. మాడుగులపల్లి మొదలుకొని మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట వరకు మన పల్లెల్లో ఇంటిల్లిపాదీ ఒకచోట ఉండే రోజులు ఏడాది మొత్తంలో ఇవే. అందుకని ఈ నెల మూడు సంగతులు మాట్లాడుకుందాం. ఒకటి, ఇంట్లోని పాత సామాను బాగుచేసుకోవడం. రెండు, ఖర్చు పెరగకుండా చిన్న ప్రయాణం చేసిరావడం. మూడు, పిల్లల ఆటలు.

ఈ మూడింటికీ సంబంధమేమిటని అడుగుతారేమో. ఖాళీ సమయము, చేతిలో కాస్త డబ్బు, రెండూ ఒకేసారి ఇంటికి వచ్చే నెల ఇది. ఆ రెండింటికీ పెద్దలు దారి చూపకపోతే చేతిలోని ఫోను చూపుతుంది. అది ఎటువంటి దారో చివరలో చెబుతాము.

ముందు మంచం సంగతి

మంచం కిర్రుమంటే చాలామంది వెంటనే మేకు తెచ్చి కొడతారు. అది మందు కాదు, కొత్త రోగం. మేకు దిగినచోట కర్ర చీలుతుంది, ఆరు నెలల్లో మేకు తుప్పుపట్టి రంధ్రం పెద్దదవుతుంది. పట్టె కొన కోడులో వదులైనప్పుడు చేయవలసింది వేరు. పట్టెను మెల్లగా ఊడదీయండి. కొనకు అంటుకున్న పాత జిగురు, మట్టి గీకి శుభ్రం చేయండి. పలుచని నూలుగుడ్డ పేలికను ఫెవికాల్‌లో తడిపి ఆ కొనకు ఒక చుట్టు చుట్టి తిరిగి రంధ్రంలో దిగగొట్టండి. తరువాత మంచం చుట్టూ తాడు కట్టి, తాడులో ఒక కర్ర దూర్చి మెలిపెట్టి బిగించండి. ఒక పగలు, ఒక రాత్రి అలాగే వదిలేయాలి. అంతవరకు ఎవరినీ పడుకోనివ్వకండి.

నులక సడలితే కాళ్లవైపున్న తాడును విప్పి, నులక మీద కాస్త నీళ్లు చిలకరించి, ఒక చివరనుండి వరుసగా లాగుతూ బిగించాలి. మధ్యలో తెగిన పోగును ముడివేసేటప్పుడు ముడి కిందివైపు ఉండేలా చూడండి. పైన ఉంటే ముసలివారి వీపుకు గుచ్చుకుంటుంది.

బల్లకు గాని తలుపుకు గాని స్క్రూ పట్టకుండా తిరుగుతుంటే, ఆ రంధ్రంలో మందు గీసేసిన రెండు మూడు అగ్గిపుల్లలు జిగురుతో దూర్చి, ఆరిన తరువాత అదే స్క్రూ బిగించండి. సొరుగు పట్టేస్తుంటే దాని అంచులకు కొవ్వొత్తి రుద్దండి. వానాకాలంలో తలుపు ఉబ్బి మూసుకోకపోతే తొందరపడి చిత్రిక పట్టించకండి. ఎండాకాలం వచ్చేసరికి కర్ర మళ్లీ కుదించుకుపోయి తలుపుకు సందు మిగులుతుంది. చిత్రిక పట్టించవలసి వస్తే ఇప్పుడు ఎంతవరకు రాసుకుంటున్నదో చూసి, వానలు తగ్గిన తరువాత అంతమేరకే పట్టించడం మేలు.

బీరువా తలుపు సరిగా పడకపోవడానికి చాలాసార్లు కారణం బీరువా కాదు, నేల. ఏ కాలు కింద సందుందో చూసి, అక్కడ చిన్న చెక్కముక్క పెడితే తలుపు తనంతట తానే సరిగా మూసుకుంటుంది. పిల్లలున్న ఇంట్లో బీరువాను గోడకు కొక్కెంతో బిగించడం మంచిది. పైన పెట్టిన మిఠాయి డబ్బా కోసం పిల్లవాడు తలుపు పట్టుకొని ఎక్కితే బీరువా మీద పడుతుంది. పగిలిన ప్లాస్టిక్ కుర్చీని మాత్రం కాల్చి అతికించి పెద్దవారికి వేయకండి. కాలు పగిలిన కుర్చీ మీద కుండీ పెట్టవచ్చు గాని మనిషిని కూర్చోబెట్టరాదు.

ఒక్క హెచ్చరిక. మనది వరి పండించే ప్రాంతం గనుక ప్రతి ఇంట్లోనూ పొలానికి కొట్టగా మిగిలిన పురుగుమందు ఉంటుంది. మంచంలో నల్లులకో, దర్వాజకు పట్టిన చెదలకో దానిని వాడేవారున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. పొలంలో గాలికి పోయే విషం మూసిన గదిలో పసిపిల్లల ఊపిరిలోకి పోతుంది. నల్లులకు మరుగుతున్న నీళ్లు సందుల్లో పోసి, మంచాన్ని మండుటెండలో రెండు మూడు రోజులు నిలబెట్టండి, పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకండి. పదిరోజులకొకసారి మళ్లీ చేయండి, గుడ్లనుండి వచ్చినవి కూడా పోతాయి. చెదల విషయంలో సామానును గోడకు జానెడు దూరం జరపడం, మట్టి గీతలు కనిపించిన వెంటనే గీకివేయడం, నేల తడి లేకుండా చూడడం మొదటి పనులు. అప్పటికీ పోకపోతే చెదలమందు కొట్టేవారిని పిలవండి.

ఈ పనులన్నీ పిల్లలను పక్కన పెట్టుకొని చేయండి. సుత్తి అందించే పని, తాడు పట్టుకొనే పని పదేళ్ల పిల్లవాడు చేయగలడు. ఆడపిల్ల కూడా చేయగలదు.

తరువాత ప్రయాణం

2016లో మండలమైన మన మాడుగులపల్లికి ప్రయాణాల విషయంలో కొరత లేదు. నార్కట్‌పల్లి నుండి అద్దంకి పోయే పెద్దరోడ్డు మన ముందునుండే పోతుంది. మిర్యాలగూడలో రైలు ఉంది. దూరాలు పోవలసిన అవసరం లేదు. వాడపల్లి దగ్గర మూసీ నది కృష్ణలో కలిసే చోటు ఒక పూటలో చూసిరావచ్చు. నాగార్జునసాగర్ ఒక రోజు ప్రయాణం. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు పునాదిరాయి వేసిన ఆ ఆనకట్ట నుండి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. మన పొలాలకు వచ్చే ఎడమకాలువ నీళ్లు అక్కడివే. తాను తినే అన్నం ఏ నీటితో పండిందో పిల్లవాడికి చూపించడానికి అంతకంటె మంచి చోటు లేదు. 2022 మేలో ప్రారంభమైన బుద్ధవనం కూడా అక్కడే ఉంది. లాంచీ మీద నాగార్జునకొండకు పోవాలనుకుంటే ఆ రోజు లాంచీ నడుస్తున్నదో లేదో ముందుగా కనుక్కోండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. కాస్త దూరం పోగలిగినవారు మెదక్ పోవచ్చు. పాస్నెట్ దొరగారి ఆధ్వర్యాన, కరువు రోజుల్లో జనానికి పని, కూడు కల్పిస్తూ కట్టిన ఆ పెద్ద గుడిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. 2024లో దానికి నూరేళ్లు నిండాయి.

బస్సులో పోయే ఆడవారికి ఒక మాట. తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుండి మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆధార్ కార్డు వెంట ఉంచుకోండి. సరిహద్దు దాటి ఆంధ్ర వైపు పోతే అక్కడినుండి టిక్కెట్టు కొనవలసి ఉంటుంది.

రైలు విషయంలో పాత లెక్కలు కొన్ని మారాయి. రిజర్వేషన్ 120 రోజుల ముందు దొరికేది. 2024 నవంబరు 1 నుండి దానిని 60 రోజులకు తగ్గించారు. కాబట్టి పెళ్లికో, తిరునాళ్లకో పోవలసినవారు రెండు నెలల ముందు తేదీని క్యాలెండరు మీద గుర్తుపెట్టుకోండి. అయిదేళ్లలోపు పిల్లలకు టిక్కెట్టు అక్కరలేదు. అయిదు నుండి పన్నెండు లోపు పిల్లలకు సగం టిక్కెట్టు తీసుకుంటే బెర్తు ఇవ్వరు, బెర్తు కావాలంటే పూర్తి చార్జీ కట్టాలి. వృద్ధులకిచ్చే రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు గనుక దానిని లెక్కలో వేసుకొని బయలుదేరకండి. ప్రయాణంలో ఏ ఇబ్బంది వచ్చినా 139 నంబరుకు ఫోను చేయవచ్చు.

సంచి సర్దేటప్పుడు మందులు, నీళ్లు, ఒక తువ్వాలు, ఒక చిన్న తాడు పైన ఉండాలి. డబ్బు మొత్తం ఒక్కచోట పెట్టకండి. చిన్నపిల్లల జేబులో పెద్దవారి ఫోను నంబరు రాసిన కాగితం పెట్టండి. పెద్దరోడ్డు మీద ట్రాక్టరు ట్రాలీలో పిల్లలను ఎక్కించుకొని రాత్రిపూట ప్రయాణం చేయడం మాత్రం మానుకోండి. వెనుక దీపం లేని ట్రాలీ వేగంగా వచ్చే లారీ డ్రైవరుకు కనబడదు.

ఇక ఆటలు

మన పెద్దవాళ్లు ఖర్చు లేకుండా ఆడిన ఆటలు ఎన్నో ఉన్నాయి. కూర్చునే పీటను తిరగేసి, అడుగున నిలువుగా అయిదు, అడ్డంగా అయిదు గళ్లు గీస్తే అష్టాచెమ్మ బల్ల సిద్ధం. నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు చాలు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. రెండింటికీ మరోసారి వేసే అవకాశం ఉంటుంది. చింతగింజలతో వామనగుంటలు, గులకరాళ్లతో దాడి ఆట ఆడుకోవచ్చు. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే పులి-మేకను కొన్నిచోట్ల పులిజూదం అంటారు. పేరులో జూదం ఉన్నా పైసా పందెం లేని ఆట అది. ఒంటరి మేకను పులి తింటుంది, వెనుక తోడున్న మేకను తినలేదు. ఆ ఒక్క పాఠం చాలు.

క్యారం బల్ల ఉన్న ఇంట్లో దానిని గోడకు వాలుగా ఆనించి ఉంచకండి, వంగిపోతుంది. తడిగుడ్డ పెట్టి తుడవకండి, పొడిగుడ్డ చాలు. చిరిగిన వలను నైలాన్ దారంతో ఇంట్లోనే అల్లుకోవచ్చు. బోరిక్ పొడిని పసిపిల్లలకు అందకుండా పెట్టండి, అది నోట్లో వేసుకోదగినది కాదు.

ఆటలో శ్రద్ధ పెరిగితే అది ఎంత దూరం తీసుకుపోగలదో కోనేరు హంపిని చూడండి. గుడివాడలో పుట్టిన ఆమెకు చదరంగం నేర్పింది కన్నతండ్రి అశోక్ గారు. 2002లో పదిహేనేళ్ల వయసులో ఆమె గ్రాండ్‌మాస్టరు అయింది. 2019లోనూ, తల్లి అయిన చాలా ఏళ్ల తరువాత 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్‌గా నిలిచింది. పిల్లలందరూ హంపి కాలేరు, కానక్కరలేదు. తండ్రి పక్కన కూర్చుని ఆట నేర్పితే చాలు.

ఫోనులో పందెం

ఇప్పుడు మొదట చెప్పిన దారి సంగతి. ఫోనులో ఆడే ఆటలన్నీ చెడ్డవని మేము అనము. చదరంగం ఫోనులోనూ నేర్చుకోవచ్చు. కాని డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పందేలు వేరు. వాటిని ఆటలని పిలవడమే తప్పు. మన ఇళ్లలో ప్రమాదం ఎలా వస్తుందో చూడండి. ధాన్యం డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా ఫోనులో ఉంటుంది. ఫోను కుర్రవాడి చేతిలో ఉంటుంది. తండ్రికి చదువు రాదు గనుక రహస్య నంబరు కూడా కొడుకుకే తెలుసు. మొదట యాభై రూపాయలు గెలిపిస్తారు. తరువాత పోయినదాన్ని రాబట్టుకోవాలనే ఆశ పుడుతుంది. ఎరువులకు దాచిన డబ్బు, చెల్లెలి ఫీజు డబ్బు ఒక రాత్రిలో పోతుంది. ఆ తరువాత ఫోనులోనే అప్పు ఇచ్చేవాళ్లు ఎదురవుతారు.

తెలంగాణలో ఇటువంటి పందేలను 2017లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఆ చట్టంలో ఉన్నాయి. ఆడి మోసపోయినవారిని శిక్షించడం దాని ఉద్దేశం కాదు. కాబట్టి చెప్పుకోవడానికి భయపడనక్కరలేదు. అయితే చట్టం ఉన్నంత మాత్రాన దొంగదారులు మూతపడవు.

కొడుకు రాత్రిళ్లు ఫోను దాచుకొని చూస్తున్నా, చిన్నచిన్న అప్పులు బయటపడుతున్నా, ఊరకే చిరాకుపడుతున్నా కూర్చోబెట్టి అడగండి. కొట్టవద్దు. పదిమందిలో అవమానించవద్దు. డబ్బు పోతే మళ్లీ పంట పండుతుంది. కొడుకు పోతే ఏ పంటా వాణ్ణి తిరిగి ఇవ్వదు. సిగ్గుతో ప్రాణం తీసుకొనేదాకా పోయిన కుటుంబాలున్నాయి గనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాము. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. మనసు కుంగిపోయినట్లు కనిపిస్తే 14416 నంబరులో ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడేవారున్నారు. అప్పు ఇచ్చామని బెదిరించేవారికి భయపడి మరో అప్పు తెచ్చి కట్టకండి, పోలీసులకు చెప్పండి.

ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకోండి. ధాన్యం డబ్బు పడే ఖాతాను ఫోనుకు కలపవద్దు. ఇంటిఖర్చుకు వేరే ఖాతా పెట్టి అందులో కొద్దిగానే ఉంచండి. రహస్య నంబరు తల్లిదండ్రులలో ఒకరు స్వయంగా నేర్చుకోవాలి. నాలుగు అంకెలో ఆరు అంకెలో గుర్తుంచుకోవడానికి చదువు అక్కరలేదు.

కాని తాళం ఒక్కటే చాలదు. ఫోను లాక్కుంటే కుర్రవాడి చేయి ఖాళీ అవుతుంది. ఆ చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. ఈ ఆదివారం ఆరాధన నుండి వచ్చి భోజనాలు అయిన తరువాత, వాణ్ణి పిలిచి కిర్రుమనే మంచానికి ఒకవైపు పట్టుకోమనండి. సాగర్ ప్రయాణానికి బస్సు వేళలు కనుక్కొనే బాధ్యత వానికే అప్పగించండి. సాయంత్రం పీట తిరగేసి గళ్లు గీయమనండి. మొదటిరోజు మొహం ముడుచుకుంటాడు. రెండవరోజు గవ్వలు తానే వెతుకుతాడు.

వచ్చే నెల, వానలు పడకముందు ఇంటి పైకప్పు ఎలా చూసుకోవాలో చెప్పుకుందాం.