గాజుతొట్టెలో గప్పీలు

అంగడి నుండి ముచ్చటపడి తెచ్చిన గప్పీ చేపలు వారం తిరగకముందే చనిపోతే మనం అంగడివానిని నిందిస్తాం. లేదా ఆ జాతే సుకుమారమైనదని సరిపెట్టుకుంటాం. రంగుల కోసం తరతరాలుగా ఒకే వంశంలో పెంచిన గప్పీలు కొంత బలహీనమైన మాట నిజమే. కాని దోమల నివారణకై మురుగు కాలువల్లో వదిలినా బ్రతకగల చేప, తేటనీటి తొట్టెలో ఎందుకు మరణిస్తున్నది?

నా దృష్టిలో దోషం మన తొందరపాటుదే. చేపల విసర్జనల నుండి అమ్మోనియా అనే విషం పుడుతుంది. దానిని మొదట నైట్రైటుగా, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడటానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. మనమో, తొట్టె కొన్ననాడే డజను చేపలను వదులుతాం! పైగా శుభ్రత పేరుతో స్పాంజిని కొళాయి కింద కడిగి, క్లోరిన్‌తో ఆ సూక్ష్మజీవులనూ చంపుతాం. ఒకప్పుడు నేనూ ఈ పొరపాటు చేసినవాడినే. తొట్టె నుండి తీసిన నీటిలోనే దానిని పిండాలి.

పాత చేపలున్న తొట్టె అయితే కొత్త గప్పీలను రెండు వారాలైనా వేరుగా ఉంచడం మేలు, రోగాలు అంటవు. తోకలు కొరికే టైగర్ బార్బ్‌లతో వాటిని కలపనే రాదు. తొలినాడు మేత వేయకున్నా నష్టం లేదు. తినక మిగిలినది కుళ్ళి, మళ్ళీ అమ్మోనియానే పెంచుతుంది.