మంజీర చేపకు త్రోవ యేది?

ప్రతి సంవత్సరము జూలై మొదటి తేదీ వచ్చుసరికి నిజామాబాదు వార్తలలో ఒక చిన్న సమాచారము కానవచ్చును. నాందేడు జిల్లాలోని బాబ్లీ అడ్డుకట్ట గేట్లను ఉభయ రాష్ట్రముల అధికారులు, కేంద్ర జలసంఘమువారు చూచుచుండగా పైకెత్తిరని దాని సారాంశము. 2013 ఫిబ్రవరి 28న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారము ఆ గేట్లు జూలై 1 మొదలు అక్టోబరు 28 వరకు తెరచియే యుండవలెను. మార్చి 1న 0.6 టి.ఎం.సి. నీరు దిగువకు వదలవలెను. ఎన్ని టి.ఎం.సి.లు శ్రీరామసాగరమునకు చేరును, ఎన్ని ఎకరములు పారును అని మనము లెక్కలు వేసికొందుము. లెక్క వేయవలసినదే, కాదనను. కాని ఆ గేట్లు తెరచిన నాలుగు నెలలును మన నదులలోని చేపలు ఎదురెక్కి గ్రుడ్లు పెట్టు కాలమని, న్యాయమూర్తులు రెండు రాష్ట్రముల తగవు తీర్చబోయి ఆ మూగజీవులకు తమకు తెలియకయే ఒక త్రోవ నిచ్చిరని, ఏ వార్తయందును నేను చదివి యుండలేదు.

చేపలు ఎదురెక్కుట తెలంగాణమున పసిబాలునకైనను తెలిసిన సంగతియే. తొలకరి కురిసి చెరువు నిండి మత్తడి దుమికినప్పుడు, పారు నీటికి ఎదురుగా పరకలు, జెల్లలు ఎగిరెగిరి పడుచుండగా ఊరు ఊరంతయు బుట్టలు, దోమతెరలు, పాత చీరలు పట్టుకొని పరుగెత్తుట మనలో ఎవరు చూడలేదు? చిన్ననాడు నేనును ఆ పరుగులో నుంటిని. పట్టిన చేప కడుపు నిండ గ్రుడ్లుండిన ఇంటివారు మరింత మెచ్చుకొనెడివారు. మృగశిర కార్తె నాడు చేప తినవలెనను ఆచారము మనకు పెద్దలనుండి వచ్చినది. సరిగా ఆ రోజులలోనే చేప కడుపు నిండుట మొదలగునని అప్పుడు ఎవరు ఆలోచించిరి!

చేప ఎదురెక్కుటకు కారణ మేమి? క్రొత్తనీరు చల్లగా నుండును, దానిలో ప్రాణవాయువు అధికము. వరద పొర్లి మునిగిన గట్టులు, గడ్డి బయళ్లు పిల్లలకు ఆహారము, మరుగు రెండును ఇచ్చును. నిలిచిన నీటిలో బొచ్చె, రోహు, మృగాల వంటి చేపలు ఎంత బలిసినను గ్రుడ్లు విడువవు. వానికి ప్రవాహము స్పర్శ కావలెను. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి చేపల పిట్యూటరీ గ్రంథి రసమును సూదితో ఎక్కించి, చెరువులోనే గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యుడయ్యెను. నేడు ఆ దినమును దేశమంతట మత్స్యరైతుల దినోత్సవముగా జరుపుచున్నాము. వరద చేయు పనిని ఒక సూది చేసినదన్నమాట. అది గొప్ప విజయ మనుటలో సందేహము లేదు. కాని సూది కలదు గదా, ఇక వరద యెందులకను భావము కూడ ఆ వెంటనే మన మనస్సులలో పాదుకొన్నది. 2016 నుండి రాష్ట్ర ప్రభుత్వము చెరువులలోను, జలాశయములలోను ఉచితముగా చేపపిల్లలను వదలుచు వచ్చినది. గంగపుత్రులకు, ముదిరాజులకు అందువలన కలిగిన మేలును తక్కువ చేసి చెప్పరాదు. అయినను పిల్లలను తెచ్చి పోయవలసి వచ్చిన నీరు వేరు, తనంతట తాను పిల్లలను కనగల నది వేరు.

ఇక మన ప్రాంతపు పటమును ముందుంచుకొని చూడుడు. మంజీర మీద 1923లో ఆరంభించి 1931 నాటికి పూర్తి గావించిన నిజాంసాగరము ఎగువ నున్నది. నవాబ్ అలీ నవాజ్ జంగు పేరు ఆ కట్టతో విడదీయరానిది. 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరము, అనగా మన నోట పోచంపాడు, దిగువ గోదావరి మీద 42 గేట్లతో నిలిచి యున్నది. ఈ రెంటి నడుమ బీర్కూరు, కోటగిరి, సాలూర ప్రక్కలనుండి పారి, రెంజలు మండలమున కందకుర్తి వద్ద మంజీర గోదావరిలో కలియుచున్నది. హరిద్రను కూడ చేర్చి త్రివేణీ సంగమ మని భక్తులు స్నానము లాడు చోటదియే. పోచంపాడు జలాశయములో పెరిగిన చేపకు తొలకరిలో పారు నీరు వెదకికొని పోవలెనన్న, కందకుర్తి దగ్గర రెండే దారులు. కుడిచేతివైపు గోదావరి: బాబ్లీ గేట్లు తెరచి యుండుటవలన కొంత దూరము పోవచ్చును, ఆపైన నాందేడు వద్ద విష్ణుపురి అడ్డము. ఎడమచేతివైపు మంజీర: నిజాంసాగరము కట్ట వరకు గేట్లతో నిమిత్తము లేని త్రోవ. దిగువనుండి రాదలచిన చేపకు మాత్రము పోచంపాడే తుది. గేటు క్రిందినుండి దుమికెడి నీటి వేగమునకు ఎదురీదగల చేప మన నదులలో లేదు.

కావున సాలూర వంతెన క్రింది ఆ మంజీరయే పెద్ద ఆశ. ఆ ఆశ ఎట్లున్నది? నిజాంసాగరము నిండి పొర్లిన సంవత్సరము మంజీర నిండుగా పారును. పొర్లని సంవత్సరము కాలువలకే నీరు, నదికి ఇసుకయే. ఆ ఇసుకను కూడ లారీలు మోసికొని పోవుచున్నవి. ఇసుక తీసిన గుంతలలో వేసవి మొదట నీరు నిలుచును, చేపలు చేరును, పిమ్మట గుంత ఎండును.

ఇందులో చరిత్ర న్యాయ మొకటి గమనింపదగి యున్నది. మంజీర నీటిని కాలువలకు మళ్లించినది బోధను ప్రాంతపు పైరులకొరకు, ముఖ్యముగా వరి చెరకులకొరకు. 1938లో పని మొదలిడిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఒకనాడు ఆసియాఖండమున కెల్ల పెద్దదని చెప్పుకొనిరి. నది తన చేపల నిచ్చి మనకు చక్కెర నిచ్చినది. అది ఆనాటి బేరము. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడినది. చెరకు తగ్గి వరి పెరిగినది. బేరములో ఒక వైపు సరకు మారిపోయినను, నదికి చెల్లించవలసిన వాటాను తిరిగి లెక్కించినవారు లేరు. 1980 నాటి గోదావరి ట్రిబ్యునలు తీర్పు రాష్ట్రముల మధ్య నీటిని పంచినది. నదికే కొంత మిగుల్చుట ఆనాటి ఆలోచనలలో ప్రధానము కాదు.

నదికి ఎంత మిగల్చవలెనను ప్రశ్నకు శాస్త్రజ్ఞులు గణితముతో సమాధానము వెదకుచున్నారు. ఈ పద్ధతి అమెరికాలో 1970ల తుదిభాగమున రూపొందినది. విద్యార్థులు సులభముగా గ్రహింపగలరు. నదిని అడ్డముగా తాడు కట్టి కొలిచి, అడుగడుగునకు లోతెంత, వేగమెంత, అడుగున ఇసుకయా, గులకరాయా, బండయా అని వ్రాసికొందురు. ఒక జాతి చేపకు ఏ లోతు ఎంత ఇష్టమో సున్నకు ఒకటికి నడుమ ఒక అంకె వేయుదురు. ఊహకొక లెక్క: ఒక చదరపు గజములో లోతునకు 0.8, వేగమునకు 0.5, అడుగునకు 1 వచ్చినచో, మూడింటిని గుణింపగా 0.4. ఆ గజము చేపకు గజము కాదు, గజములో నాలుగు పదవ వంతులే. ఇట్లు నది యంతయు కూడి, నీరు పెరిగినప్పుడు ఆ మొత్తము ఎట్లు మారునో గీత గీయుదురు. ఏ కొలతకు తక్కువైన చేపకు ఇల్లు లేకపోవునో ఆ గీత చెప్పును. 2018 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము గంగకు, పుట్టిన హిమానీనదములనుండి దేవప్రయాగ మీదుగా హరిద్వారము వరకు, ఋతువునుబట్టి 20, 25, 30 శాతము ప్రవాహమును వదలవలెనని ఉత్తర్వు చేసినది. గోదావరీ మంజీరలకు అట్టి కొలత కోరుట అత్యాశ కానేరదు.

అయితే ఈ గణితమును గ్రుడ్డిగా నమ్మరాదని నా అభిప్రాయము. చల్లని కొండయేళ్లలోని ట్రౌట్, సాల్మను చేపలను చూచి పుట్టిన లెక్క ఇది. మన నది నాలుగు నెలలు సముద్రము, నాలుగు నెలలు వాగు, తక్కిన కాలము గుంతల వరుస. పైగా ఈ లెక్క చేపకు చోటెంతో చెప్పును గాని, ఆ చోటికి త్రోవ యున్నదో లేదో చెప్పదు. త్రోవ సంగతి వలవేయువానికే తెలియును. ఏ వరదకు వాలుగ కదలునో, ఏ మడుగున వేసవి గడుపునో కందకుర్తి పల్లెవాసులను అడిగి వ్రాసికొనక, గణన యంత్రములో ఎన్ని అంకెలు పోసినను ఫలము స్వల్పము.

త్రోవ మూసిన ఫలమును మన గోదావరియే ఎప్పుడో చూపినది. 1847-52 మధ్య కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్ట కట్టించెను. సముద్రమున విలసయై గోదావరికి ఎదురెక్కి పులసయగు చేపకు అది అడ్డు గోడ యయ్యెను. విశేష మేమనగా, ఇట్టి ఆనకట్టలు చేపలకు కీడు చేయునేమోయని 1867లో ప్రభుత్వమును హెచ్చరించినవాడును ఆ కాటనే. పిమ్మట ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు దేశమంతయు తిరిగి 1873లో మంచినీటి చేపలపై పెద్ద నివేదిక వెలువరించెను. కావేరిపై 1934లో మెట్టూరు, గంగపై 1975లో ఫరక్కా వచ్చినపిదప పులస అచ్చటను క్షీణించినది. గోదావరి రొయ్య కథ ఇందుకు తలక్రిందు: తల్లి గ్రుడ్లతో ఉప్పునీటి వైపు దిగును, పిల్లలు బారులు తీరి ఒడ్డు వెంట ఎగువకు ప్రాకును. పోలవరము స్పిల్‌వేలో చేపల మెట్లకు స్థానము కల్పించుట సంతోషకరమే. కాని ధవళేశ్వరమును దాటగలిగిన చేప మాత్రమే ఆ మెట్ల యొద్దకు పోగలదు!

మన జిల్లాకు వత్తము. ఉపాధ్యాయ సోదరులకు ఒక్క విన్నపము. సాలూర వంతెన దగ్గర ఒక కొలబద్ద, ఒక దారము కట్టిన బెండు ముక్క, ఒక గడియారము ఉన్నచో లోతు, వేగము రెండును ఎనిమిదవ తరగతి బాలురు కొలువగలరు. వారమున కొకసారి, జూన్ నుండి నవంబరు వరకు, అంగడిలో ఏ చేప వచ్చెనో, కడుపున గ్రుడ్లున్నవో లేవో దాని ప్రక్కన వ్రాసినచో, మూడేండ్లలో మంజీరకు ఒక గీత గీయవచ్చును.

అక్టోబరు 28 తరువాత సంగతి ఒకటి మిగిలినది. ఆనాడు బాబ్లీ గేట్లు దింపుదురు. జూలైలో ఎగువకు పోయిన తల్లి చేపలు, వాటి పిల్లలు అప్పటికి పోచంపాడునకు దిగివచ్చునా, లేక రెండున్నర టి.ఎం.సి.ల పైచిలుకు పట్టు ఆ మడుగులోనే చిక్కుకొని మార్చి ఒకటవ తేదీ నాటి 0.6 టి.ఎం.సి. వెంట ఎండలలో క్రిందికి జారునా? గేట్లు దింపిన మరునాడు పత్రికలో నీటిమట్టము ఎంతో అచ్చగును. ఆ నీటిలో నున్నవారి సంగతి మాత్రము వలలు ఆరవేసికొను కందకుర్తి రేవులో అడిగి తెలిసికొనవలసినదే.