మందు పనిచేసిందని లెక్కపెట్టింది ఎవరు?



2021 మే నెలను మనలో ఎవరమూ మరచిపోలేం. పీణ్యలో సగం షెడ్లు మూతపడి ఉన్నాయి. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మనవాళ్ళు ఊరికి పోలేక, ఇక్కడ ఉండలేక ఇరుకు గదుల్లో కూర్చున్నారు. రింగ్ ఫ్రేమ్ మీద పనిచేసే మన సభ్యుడొకరు కరోనాతో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. ఆరు రెమ్డెసివిర్ ఇంజెక్షన్లు తెచ్చుకోమని చీటీ రాసిచ్చారు. అతని భార్య మెడలో పుస్తెలతాడు తీసి తాకట్టు పెట్టింది. చాలని డబ్బు కోసం మేము చందా పుస్తకం పట్టుకుని దాసరహళ్ళి దాకా తిరిగాం. ఇంజెక్షన్లు బ్లాకులో కొన్నాం. అప్పటికే అతను వెంటిలేటర్ మీద ఉన్నాడు. నాలుగో రోజు చనిపోయాడు. ఆ తాకట్టు విడిపించుకోవడానికి ఆ ఇల్లాలికి రెండేళ్ళు పట్టింది.

ఈ సంగతి ఇప్పుడెందుకు రాస్తున్నామంటే, ఇందులో మా తప్పూ ఉంది. జీతంలో పది రూపాయలు కోసినా లెక్క చూపించమని మేనేజరును నిలదీసే మేము, ఆ రోజు ఆసుపత్రిలో ఒక్క లెక్క అడగలేదు. ఈ మందు వేసుకున్న నూరుమందిలో ఎందరు బతికారు, వేసుకోని నూరుమందిలో ఎందరు బతికారు అని అడగాలని మాకు తోచనే లేదు. ఖరీదైన మందు గనుక మంచి మందే అయి ఉంటుందనుకున్నాం.

ఆ లెక్క అప్పటికే అచ్చయి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా 30 దేశాల ఆసుపత్రుల్లో జరిపించిన పరీక్ష ఫలితం 2020 అక్టోబరులో బయటికి వచ్చింది. రెమ్డెసివిర్ ఇచ్చిన 2,743 మందిలో 301 మంది చనిపోయారు. ఇవ్వని 2,708 మందిలో 303 మంది చనిపోయారు. దాదాపు సరిసమానం. 2022 లో వచ్చిన చివరి లెక్కలో ఆక్సిజన్ మీద ఉన్నవారికి కొద్దిపాటి మేలు తేలింది, అదీ నూటికి ఇద్దరికన్నా తక్కువ మందికి. వెంటిలేటర్ మీదికి వెళ్ళినవారికి మాత్రం ఏ మేలూ కనపడలేదు. మన సభ్యుడు ఉన్నది అక్కడే.

మరి ఆ మందుకు అంత పేరెలా వచ్చింది? 2020 లో అమెరికా ఆధ్వర్యంలో జరిగిన ఒక పరీక్షలో, ఈ మందు తీసుకున్న రోగులు 15 రోజులకు బదులు 10 రోజులకే కోలుకున్నారని తేలింది. అది అబద్ధం కాదు. కానీ త్వరగా కోలుకోవడం వేరు, చావు తప్పడం వేరు. ఒకదాని లెక్క చూపించి రెండోదాని ధర గుంజారు. అందుకే లెక్క ఉందా అని అడిగితే చాలదు, దేన్ని లెక్కపెట్టారో కూడా అడగాలి.

ఖరీదైన మందు మీద గుడ్డి నమ్మకం ఎంత ప్రమాదమో, ఉచిత మందు మీదా అంతే. అదే మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్యగారి మందు కోసం వేల మంది ఎగబడ్డారు. ఇక్కడి నుంచి కూడా మనవాళ్ళు ఫోన్లు చేసి ఒక పొట్లం పంపమని బంధువులను బతిమాలారు. మందు వేసుకోగానే లేచి కూర్చున్నానని ఒక పెద్దాయన చెప్పిన వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. కొద్ది రోజులకే ఆయన ఆసుపత్రిలో చనిపోయారు. మే 31 న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ మందుకు అనుమతి ఇస్తూనే, దానివల్ల హాని లేదని, కరోనా తగ్గుతుందనడానికి ఆధారం మాత్రం లేదని చెప్పింది. కంటి చుక్కలను అప్పటికి ఆపింది. ఆనందయ్యగారు మోసగాడని మేము అనడం లేదు. కరోనా సోకినవారిలో ఎక్కువమంది ఏ మందూ లేకుండానే కోలుకున్నారు. అలాంటి రోగానికి ఏ మందిచ్చినా నూటికి తొంభై మంది ఆ మందుకే దండం పెడతారు. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగాయి గనుక కాకే పండు రాల్చిందంటామా?

కాకి సంగతి తేలాలంటే కాకి వాలని చెట్టు కూడా చూడాలి. మందు పరీక్ష అంటే అంతే. ఒకే రకం రోగులను తీసుకుని, చీటీ వేసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మందిచ్చి, ఇంకో జట్టుకు ఇవ్వకుండా లేదా పాత మందే ఇచ్చి, చివరికి రెండు జట్ల లెక్కా పక్కపక్కన పెట్టాలి. చీటీ ఎందుకంటే, డాక్టరుకే వదిలేస్తే బలంగా ఉన్నవాళ్ళను తెలియకుండానే కొత్త మందు జట్టులో వేస్తాడు. అప్పుడు గెలిచింది మందా, ఆ మనిషి బలమా అన్నది తేలదు.

ఈ లెక్కలు కంపెనీల కోసం పుట్టినవని, మనబోటివాళ్ళకు పనికిరావని కొందరంటారు. అది తప్పు. మన తండ్రుల కాలంలో మిల్లు కార్మికుడికి క్షయ వచ్చిందంటే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానిటోరియంలో నెలల తరబడి పడుకోవాలి. కూలి పోతుంది, తరువాత ఉద్యోగం పోతుంది, ఇల్లు వీధిన పడుతుంది. పడక దొరకనివాడికి ఆ దారీ లేదు. 1956 లో మద్రాసులో క్షయ పరిశోధన కేంద్రం పెట్టి 193 మంది బీద రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టు శానిటోరియంలో మంచి తిండి, పూర్తి విశ్రాంతితో ఉంది. రెండో జట్టు ఇరుకు ఇళ్ళలో, చాలీచాలని తిండితో ఉంది. మందులు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఏడాది తరువాత చూస్తే శానిటోరియంలో నూటికి 92 మందికి, ఇంటి దగ్గర నూటికి 86 మందికి రోగం అణిగింది. అంత కొద్దిమందిలో ఆ తేడా పెద్దదేమీ కాదు. తరువాత ఐదేళ్ళు కనిపెట్టి చూసినా రోగం తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంట్లో రోగిని ఉంచుకున్నందువల్ల కుటుంబానికి అంటుకోవడమూ పెరగలేదు.

1959 లో అచ్చయిన ఆ లెక్క పెద్దపెద్ద డాక్టర్ల నమ్మకాన్ని తలకిందులు చేసింది. అదే ఏడాది మన బెంగళూరులో నెలకొల్పిన జాతీయ క్షయ సంస్థ ఆ దారిలోనే దేశం మొత్తానికి కార్యక్రమం తయారుచేసింది. 1962 నుంచి అది అమలైంది. ఈనాడు క్షయ వచ్చిన కార్మికుడు ఇంటి దగ్గరే ఉచితంగా మందు తీసుకుని, డాక్టరు సరేనన్నాక మళ్ళీ మిషన్ దగ్గరికి వస్తున్నాడంటే, ఆ 193 మంది పెట్టిన భిక్ష అది.

ఇంకొక్క లెక్క చూడండి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పాత మందు, చాలా చవక. 2020 లో బ్రిటన్‌లో ఆరు వేలకు పైగా కరోనా రోగుల మీద పరీక్షించారు. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మందు లేకుండా నూటికి 41 మంది చనిపోతే, మందుతో 29 మందే చనిపోయారు. ఆక్సిజన్ మీద ఉన్నవారిలో 26 కాస్తా 23 అయింది. ఆక్సిజన్ అవసరమే లేనివారిలో మాత్రం చావులు 14 నుంచి 18 అయ్యాయి. ఈ చివరి తేడా యాదృచ్ఛికం కావచ్చు గానీ, మేలు మాత్రం కనపడలేదు. అంటే ఒకే మందు ఒకరికి ప్రాణం పోస్తుంది, ఇంకొకరికి దండగ, మరొకరికి ముప్పు కూడా. 2021 లో మన వీధుల్లో కొద్దిపాటి జ్వరానికే ఈ మాత్రలు మింగించారు. షుగరు అదుపులో లేనివారు ఎందరో ఆ తరువాత బ్లాక్ ఫంగస్‌తో కళ్ళు పోగొట్టుకున్నారు.

ఇదంతా కరోనాతో పోయిన కథ కాదు. పోయిన నెల ఒక గార్మెంట్ సోదరి మా కార్యాలయానికి వచ్చింది. వయసు 36. తెల్లబట్ట అవుతోందని వెళితే గర్భసంచి తీసెయ్యాలన్నారట, లేకపోతే క్యాన్సర్ వస్తుందన్నారట. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి ముగ్గురికి ఈ ఆపరేషన్ జరిగి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మందికి జరిగింది. మన ఆడవాళ్ళకు మూడింతలు జబ్బులున్నాయా? అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారతాయని, గుండెకు ముప్పు పెరుగుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నిజంగా అవసరమైనవారికి ఆ ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది. ఆ అవసరం ఉందో లేదో తేల్చకుండానే తేదీ వేసేశారు. ఆమెను ఈఎస్ఐ ఆసుపత్రిలో ఇంకో డాక్టరమ్మకు చూపించాం. మందులతోనే తగ్గింది.

కాబట్టి మిత్రులారా, పెద్ద ఖర్చుకో, ఆపరేషన్‌కో ఒప్పుకునే ముందు ఈ ఐదు ప్రశ్నలు అడగండి. ఈ మందు వల్ల నాలాంటివాళ్ళు నూటికి ఎందరికి మేలు జరిగింది? ఇది లేకపోతే ఎందరికి దానంతటదే తగ్గింది? దీనివల్ల చెడు ఏమిటి, ఎందరికి? ఇంతకన్నా చవకైన దారి ఉందా? కొన్నాళ్ళు ఆగి చూస్తే ఏమవుతుంది? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకోడు. కోపం తెచ్చుకుంటే ఇంకొకరికి చూపించుకోండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ముందు ఆసుపత్రికి పరుగెత్తండి, ప్రశ్నలు దారిలో అడగవచ్చు.

ఇది చదివి బీపీ, షుగరు, క్షయ మందులు ఎవరూ మానుకోవద్దు. ఆ మందులు లెక్కకు నిలిచినవి.

ఈఎస్ఐ డిస్పెన్సరీల్లో పెద్ద చికిత్స రాసినప్పుడు దాని మేలూ కీడూ కన్నడంలోనూ తెలుగులోనూ రాసివ్వాలని మన యూనియన్ అడగబోతోంది. ఆపరేషన్ చీటీ వచ్చినవారు ఆదివారం ఉదయం యూనియన్ కార్యాలయానికి తీసుకురండి, ఇంకో డాక్టరు దగ్గరికి తోడు వస్తాం. 2021 లో చందా పుస్తకం పట్టుకుని తిరిగిన మేము ఇకనుంచి ముందు ఈ ప్రశ్నల కాగితం పట్టుకుని తిరుగుతాం. ఆ ఇల్లాలికి మేము బాకీ ఉన్నది అదే.